సన్నగా ఉన్నవాళ్ళ గురకకి దవడ పరికరం: గుంటూరులో చేయించుకున్న నా అనుభవం

ముందు ఫలితం చెప్పేస్తాను. గుంటూరు అరండల్‌పేటలో ఒక పళ్ళ డాక్టరుగారి దగ్గర, రాత్రిపూట నోట్లో పెట్టుకుని పడుకునే దవడ పరికరం చేయించుకున్నాను. నిద్రలో గంటకు 18 సార్లు అడ్డుపడుతున్న నా ఊపిరి, పరికరం పెట్టుకుని చేయించిన పరీక్షలో 6కి దిగింది. నిద్రలో ఇలా ఊపిరి ఆగే జబ్బుని స్లీప్ ఆప్నియా అంటారు. పొద్దున లేవగానే ఉండే తలదిమ్ము పోయింది. మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో బోర్డు మీద లెక్క చేస్తూ కళ్ళు మూతలు పడటం పోయింది. పరికరానికి 38,000 రూపాయలు తీసుకున్నారు, అది చిన్న మొత్తం కాదు. పరికరం బాగుంది. దాన్ని చేసే ముందు డాక్టరుగారు నా మొహం ఎముకలు కొలిచి, ఆ కొలతల్ని బట్టి ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో విడదీసి చూపించిన తీరు అంతకన్నా బాగుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. పేరు వేయొద్దని ఆవిడ అడిగారు కాబట్టి వేయడం లేదు.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 47, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. బీఎంఐ 22 దగ్గర ఉంటుంది. ఈ అంకెలు ఎందుకంటే, గురక అనగానే అందరి చూపూ పొట్ట మీదకే పోతుంది. మా ఆడపడుచు అయితే "ఇంత సన్నగా ఉండి నువ్వు గురక పెట్టడమేంటి వదినా, అన్నయ్య ఊరికే అంటున్నాడు" అని కొట్టిపారేసింది. మావారు ఫోన్‌లో రికార్డు చేసి వినిపించారు. గురక వరసగా వస్తూ వస్తూ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఏ చప్పుడూ ఉండదు. తర్వాత నీళ్ళలోంచి పైకి లేచినవాళ్ళలా గట్టిగా ఊపిరి పీల్చడం. ఆడవాళ్ళు గురక సంగతి డాక్టరు దగ్గర చెప్పడానికి సిగ్గుపడతారు, అలసట అని చెప్తారు. అలసట అంటే థైరాయిడ్, రక్తం తక్కువ, నెలసరి ఆగే వయసు, ఈ మూడింటి చుట్టూ తిప్పుతారు. నా పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి.

అరండల్‌పేటకి వెళ్ళే ముందు ఇంకో చోట చూపించుకున్నాను. అక్కడ కూర్చోబెట్టి త్రీడీ స్కాన్ తీశారు. కంప్యూటర్‌లో నా గొంతు రంగులేసి చూపించారు, ఇరుకైన చోట ఎర్రగా ఉంది. ఆ ఎరుపు చూపించి, పై అంగుడు వెడల్పు చేయాలి, తర్వాత క్లిప్పులు, అంతా కలిపి లక్షకు పైగా ప్యాకేజీ, ఈ వారంలో కడితే డిస్కౌంట్ అన్నారు. నిద్రలో నాకు ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో ఎవరూ అడగలేదు. కొలిచే ప్రయత్నమూ చేయలేదు. నాకు అక్కడే నమ్మకం పోయింది.

ఈ డాక్టరుగారు స్కాన్ మాటే ఎత్తకుండా ముందు నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి పక్కనుంచి చూశారు. పెదాలు వదులుగా ఉంచమన్నారు. వదులుగా ఉంచితే నా పెదాలు కలవవు, కలపాలంటే గడ్డం కింద కండరం బిగించాలి, అప్పుడు అక్కడ చర్మం సొట్టలు పడుతుంది. ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకుంటూ నేను గమనించనిది ఆవిడ అర నిమిషంలో పట్టుకున్నారు. తర్వాత నోరు పూర్తిగా తెరిచి, నాలుక బయట పెట్టి, ఏ శబ్దమూ చేయొద్దన్నారు. టార్చి వేసి చూసి, రాసుకుంటున్న అమ్మాయికి "మల్లంపాటి ఫోర్" అని చెప్పారు.

మల్లంపాటి అంటే మన ఇంటిపేరు కదా అని అడిగాను. అవునమ్మా, మన గుంటూరు జిల్లాలో పుట్టి అమెరికాలో మత్తు డాక్టరుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావుగారి పేరే అన్నారు. ఆపరేషన్ ముందు రోగి గొంతులోకి గొట్టం దించడం తేలికో కష్టమో నోట్లోకి చూసి అంచనా వేసే పద్ధతిని ఆయన 1985లో ప్రచురించారు. ఆయన చెప్పినవి మూడు తరగతులు, నాలుగోది తర్వాత వేరే డాక్టర్లు కలిపారు. ఇప్పుడు నిద్ర డాక్టర్లు కూడా దీన్ని వాడతారు. కొండనాలుక మొత్తం కనిపిస్తే ఒకటి, మెత్తటి అంగుడు (నోటి పైకప్పులో వెనక ఉండే మెత్తటి భాగం) కూడా కనిపించకుండా నాలుకే అడ్డంగా ఉంటే నాలుగు. ప్రపంచంలో ఆపరేషన్ థియేటర్లన్నిటిలో రోజూ పలికే పేరు మన జిల్లాది అని తెలిసి నిజంగా గర్వం అనిపించింది. సోమవారం క్లాసులో పిల్లలకి కూడా చెప్పాను.

తర్వాత పక్కనుంచి తల ఎక్స్‌రే. దీన్ని సెఫలోగ్రామ్ అంటారు. అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ 1931లో విడివిడిగా తెచ్చిన పద్ధతి. నిలబెట్టి, రెండు చెవుల్లో రెండు చిన్న పుల్లలు ఆనించి, ముక్కు మొదట్లో ఒక ఆసరా పెట్టి తల కదలకుండా చేస్తారు. అక్కడి అబ్బాయి "పళ్ళు కలపండి మేడం, ఒక్క గుటక మింగండి, ఇప్పుడు కదలకండి" అన్నాడు. ఎందుకలా అని అడిగితే డాక్టరుగారు చెప్పారు: గడ్డం కాస్త పైకెత్తినా గొంతు దారి వెడల్పుగా పడుతుంది, మింగుతుండగా తీస్తే ఇరుకుగా పడుతుంది. అందరికీ ఒకే తీరున తీయకపోతే ఆ కొలతలకి అర్థం ఉండదు. ఎక్స్‌రేకి, దాని మీద గీతలకి కలిపి 800 అయింది.

ఇక నాకు బాగా నచ్చిన భాగం. ఫిల్మ్‌ని స్క్రీన్ మీద పెట్టి, నా ముందే చుక్కలు పెట్టారు. పుర్రె లోపల పిట్యూటరీ గ్రంథి కూర్చునే గుంట మధ్యలో ఎస్. ముక్కు మొదలు, నుదుటి ఎముక కలిసే చోట ఎన్. పై దవడ ముందు వంపులో ఏ, కింది దవడ వంపులో బీ. ఎస్, ఎన్, ఏ కలిపితే వచ్చే కోణం పై దవడ ఎంత ముందుకి ఉందో చెప్తుంది. సగటు 82 డిగ్రీలు, నాది 81. ఎస్, ఎన్, బీ కలిపితే కింది దవడ. సగటు 80, నాది 74. తేడా సగటున 2 ఉండాలి, నాకు 7. అంటే పై దవడ ఉండాల్సిన చోటే ఉంది, కింది దవడ వెనక్కి ఉంది. వాళ్ళ లెక్కలో దీన్ని రెండో తరగతి ఎముకల అమరిక అంటారు. మొదటి తరగతి అంటే రెండూ సమంగా ఉన్నవాళ్ళు, మూడో తరగతి అంటే కింది దవడ ముందుకొచ్చినవాళ్ళు.

నాకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. రెండు కోణాలకీ శీర్షం ఎన్ దగ్గరే ఉంది. ఒకరికి ఆ ముక్కు మొదలే కాస్త ముందుకో వెనక్కో ఉంటే, దవడలు కదలకుండానే కోణం మారిపోతుంది కదా? అడిగాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ లోపం కోసమే ఇంకో కొలత ఉంది అని, ఏ నుంచీ బీ నుంచీ పళ్ళు కలిసే గీత మీదకి లంబాలు దించి, ఆ రెండు పాదాల మధ్య దూరం చూపించారు. దాని పేరు విట్స్. దక్షిణాఫ్రికా విట్‌వాటర్‌స్రాండ్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చింది, 1975లో జాకబ్‌సన్ అనే ఆయన ప్రచురించారు. దాని ప్రకారం కూడా నా దవడ వెనకే ఉంది. పేషెంటు అడిగిన ప్రశ్నకి విసుక్కోకుండా ఇంకో గీత గీసి చూపించే డాక్టర్లు ఎంతమంది ఉంటారు?

తర్వాత నిలువు లెక్క. కింది దవడ అడుగు గీత, కన్ను కింది అంచు నుంచి చెవి దాకా గీసిన గీతతో చేసే కోణం సగటున 25 డిగ్రీలు. నాది 33. నా కోల మొహానికి కారణం ఇదే. దవడ కిందకీ వెనక్కీ తిరిగి పెరిగింది. ఈ రెండూ, అంటే వెనక్కి ఉన్న దవడ, పొడుగు మొహం, కలిసినవాళ్ళలో గొంతు దారి సగటున ఇరుకుగా ఉంటుందని చాలా పరిశోధనల్లో కనిపించిందట. నా ఫిల్మ్‌లో నాలుక వెనక ఖాళీ 6 మిల్లీమీటర్లు. సాధారణంగా 10 నుంచి 12 ఉంటుంది. పైన, మెత్తటి అంగుడు వెనక 14, అక్కడ 17 దాకా ఉండాలి. మెడ ముందు ఉండే చిన్న కంఠాస్థి కూడా దవడ గీతకి 24 మిల్లీమీటర్లు కిందకి జారి ఉంది. మామూలుగా 15 చుట్టుపక్కల ఉంటుంది.

ఎముక ఎక్కడో ఉంటే ఊపిరి ఎందుకు ఆగుతుంది? నాలుకని ముందుకి లాగి పట్టే పెద్ద కండరం మొదలు కింది దవడ లోపలి వైపు, సరిగ్గా గడ్డం వెనక అతుక్కుని ఉంటుంది. గడ్డం వెనక్కి ఉంటే ఆ కండరం మొదలే వెనక్కి ఉన్నట్టు, నాలుక కూడా అంత మేర వెనక్కి వస్తుంది. నాలుక సైజు అందరిలాంటిదే, దాన్ని పట్టే ఎముకల చోటు తక్కువ. పైగా గట్టి అంగుడు అయిపోయిన దగ్గర్నుంచి స్వరపేటిక దాకా గొంతు గొట్టానికి గట్టి గోడ లేదు. చుట్టూ ఉన్న కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. కంఠాస్థి కూడా ఇంకే ఎముకకీ అతుక్కోకుండా కండరాల మీద వేలాడేదే. మెలకువగా ఉన్నంతసేపూ కండరాలు బిగువుగా ఉంటాయి. నిద్రపడితే సడలుతాయి. దారి వెడల్పుగా ఉన్నవాళ్ళకి ఆ సడలింపు వల్ల ఏమీ కాదు, 6 మిల్లీమీటర్లు ఉన్నవాళ్ళకి మూసుకుపోతుంది. లావు ఉంటే మెడలో, నాలుకలో కొవ్వు చేరి అదే పని చేస్తుంది. మన ఆసియా వాళ్ళలో పెద్దగా లావు లేనివాళ్ళకి కూడా ఈ జబ్బు కనిపించడానికి ఎముకల చోటు తక్కువగా ఉండటం ఒక కారణమని చెప్పారు. ఈ సగటు కొలతలు చాలావరకు అమెరికాలో తెల్లవాళ్ళ మీద తీసినవని, మనకి ఒకటి రెండు డిగ్రీలు తేడా ఉండొచ్చని కూడా గుర్తు చేశారు.

మావారు నాతోనే ఉన్నారు. 88 కిలోలు, గడ్డం ముందుకి ఉంటుంది, గురక లేదు. "అయితే నాది మూడో తరగతా డాక్టరుగారూ, నాకు దారి పెద్దదేనా?" అని ఉత్సాహంగా అడిగారు. ఆవిడ ఆగమన్నారు. మూడో తరగతి వాళ్ళ దారి సగటున వెడల్పే, కానీ గుంపుల సగటులు వేరు, మనిషి వేరు. రెండో తరగతిలోనూ హాయిగా నిద్రపోయేవాళ్ళు బోలెడుమంది, మూడో తరగతిలోనూ ఊపిరి ఆగేవాళ్ళు ఉన్నారు. ఇది నాకు చెప్పక్కర్లేదు. తొమ్మిది ఏ సెక్షన్ సగటు తొమ్మిది బీ కన్నా ఎక్కువని తెలిసినంత మాత్రాన, బీలో ఉన్న ఒక పిల్లాడి మార్కులు నేను చెప్పలేను.

అక్కడే ఆవిడ నా ఎక్స్‌రేని పక్కన పెట్టేశారు. "ఇది మెలకువగా నిలబడి ఉన్నప్పటి బొమ్మ. పైగా పక్కనుంచి మాత్రమే కనిపిస్తుంది, దారి అడ్డంగా ఎంత వెడల్పుందో దీనిలో తెలియదు. మీ దారి ఇరుకు అని చెప్పగలను, మీకు జబ్బుందని చెప్పలేను" అన్నారు. త్రీడీ స్కాన్‌లో వెడల్పు తెలుస్తుంది, కానీ అదీ మెలకువలోదే. ఇలాంటి బొమ్మల్ని చూసి స్లీప్ ఆప్నియా నిర్ధారణ చేయకూడదని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లోనే తమ డాక్టర్లకి రాసిందట. నాకు ముందు చోట చూసిన ఎర్ర రంగు గుర్తొచ్చింది. నిద్ర పరీక్ష చేయించి, ఊపిరితిత్తుల డాక్టరు చూశాకే మళ్ళీ రమ్మని చీటీ రాసిచ్చారు. ఆ రోజు ఆవిడ నాకు ఏమీ అమ్మలేదు.

పరీక్ష ఇంట్లోనే చేశారు. ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. ఊపిరి అడ్డుపడటం గంటకు 5 సార్ల లోపు అయితే మామూలు, 15 దాకా తక్కువ, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాది 18. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 84 శాతానికి పడింది. ఊపిరితిత్తుల డాక్టరుగారు మొదటి చికిత్స సీపాప్ మిషనే అన్నారు. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ తెచ్చినది, మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో దారిని తెరిచి ఉంచుతుంది. అద్దెకి తీసుకుని కొన్ని వారాలు వాడాను. నా పెదాలు కలవవు కదా, గాలి నోట్లోంచి పోయి గొంతు ఎండిపోయేది. నోరంతా కప్పే మాస్కు ఇస్తే నిద్రలో తీసి పారేసేదాన్ని. మధ్యస్థంగా ఉండి, మిషన్ పడనివాళ్ళకి దవడ పరికరం సరైనదే అని ఆయనే ఉత్తరం రాశారు. ఒక్క మాట మాత్రం, తీవ్రంగా ఉన్నవాళ్ళు మిషన్‌ని వదిలేసి నేరుగా దీనికి రాకండి.

పరికరం అంటే రెండు పారదర్శకమైన తొడుగులు, పై పళ్ళకి ఒకటి, కింది పళ్ళకి ఒకటి. రెండు పక్కలా చిన్న స్క్రూలు వాటిని కలుపుతాయి. కింది దవడని ముందుకి పట్టి ఉంచడమే దాని పని. దవడని నేను ఎంత ముందుకి పెట్టగలనో ముందు కొలిచారు, 9 మిల్లీమీటర్లు. అందులో సగం దగ్గర మొదలుపెట్టి, చిన్న తాళంచెవితో కొద్దికొద్దిగా ముందుకి తిప్పుకోమన్నారు. పరికరం పెట్టాక దారి ముందు వెనకల కన్నా పక్కలకే ఎక్కువ తెరుచుకుంటుందని, మెత్తటి అంగుడు వెనక ఆ తేడా బాగా కనిపిస్తుందని చెప్పారు. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో కనిపించనిది సరిగ్గా అదే. దవడ వెనక్కి ఉన్నవాళ్ళకి, సన్నగా ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి ఇది పనిచేసే అవకాశం కొంత ఎక్కువ, అయినా వాడినవాళ్ళలో దాదాపు మూడింట ఒకరికి పెద్దగా ఉపయోగం ఉండదు, ఇది ముందే తెలుసుకోండి అన్నారు. నేను డబ్బు కట్టింది ఆ మాట విన్నాకే.

మొదట్లో సుఖంగా ఏమీ ఉండదు. దిండు తడిసిపోయేంత లాలాజలం. పొద్దున చెవి ముందు కీలు నొప్పి. పరికరం తీసిన గంటసేపు వెనక పళ్ళు కలవవు, ఇడ్లీ కూడా సరిగ్గా నమలలేం. దానికి ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు, తీసిన వెంటనే కొరికి పట్టుకుంటే దవడ తన చోటికి వస్తుంది. అది ఒక్కరోజు మానేసినా తేడా తెలుస్తుంది. లాలాజలం, నొప్పి క్రమంగా తగ్గాయి. కడగడానికి చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్, కొంచెం సబ్బు చాలు. పేస్టు గరుకుగా ఉండి గీతలు పడతాయి, వేడినీళ్ళలో వేస్తే ఆకారం పోతుంది. ఏళ్ళ తరబడి వాడితే పై ముందు పళ్ళు లోపలికి, కింది ముందు పళ్ళు బయటికి కొద్దిగా జరుగుతాయట. అందుకే ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకి, పళ్ళు చాలా ఊడిపోయినవాళ్ళకి పనికిరాదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ల్యాబ్ నుంచి పరికరం చెప్పిన తేదీకి రాలేదు, ఫోన్ చేస్తే గాని సంగతి చెప్పలేదు. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నరకం. కొలతల రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఇస్తారు. డాక్టరుగారు నోటితో ఇంత చక్కగా తెలుగులో చెప్తారు కదా, అందులో ఒక పేజీ తెలుగులో అచ్చు వేయించి ఇస్తే ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకోవచ్చు. ఈ కారణాలకి 5లో 4 ఇస్తున్నాను.

ఇంకో సంగతి. మా పదో తరగతి పిల్లలు దవడ అంచు చెక్కినట్టు కనబడాలని రబ్బరు బిళ్ళలు నములుతున్నారు, నాలుక అంగుటికి ఆనిస్తే మొహం మారుతుందని వీడియోలు చూస్తున్నారు. పెద్దవాళ్ళు కూడా గురక పోతుందని అవే కొంటున్నారు. డాక్టరుగారిని అడిగితే, పెరుగుదల ఆగిపోయాక నమిలితే దవడ ఎముక ముందుకి రాదు, కండరం లావెక్కుతుంది అంతే అన్నారు. పెద్దవాళ్ళలో ఎముకని నిజంగా ముందుకి తేవాలంటే రెండు దవడల్నీ కోసి దాదాపు 10 మిల్లీమీటర్లు జరిపే ఆపరేషన్ ఉంది. గొంతు దారిని బాగా పెంచుతుంది, కానీ పెద్ద ఆపరేషన్, నాలాంటి వాళ్ళకి ఆ అవసరం లేదు.

ఇలాంటి పరికరం చేయించుకోవాలనుకునేవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా డబ్బు కట్టే ముందు కొన్ని అడగండి. నిద్ర పరీక్ష లేకుండానే పరికరం ఇస్తున్నారా? దవడ ఎంత ముందుకి వస్తుందో కొలిచారా, ఎక్కడ మొదలుపెడతారు? పళ్ళు కదిలితే ఎవరు చూస్తారు? అన్నిటికన్నా ముఖ్యంగా, పరికరం పెట్టుకుని మళ్ళీ నిద్ర పరీక్ష చేయిస్తారా, ఆ ఖర్చు ఇందులోనే ఉందా? గురక తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గిందని కాదు, అది పరీక్షలోనే తెలుస్తుంది. మా దగ్గర ఆ రెండో పరీక్ష 38,000లో కలవలేదు, వేరే 6,000 అయింది.